ఎదటి జట్టునే చూసిన మా బావ

మా బావ పోయినాడు. పొద్దున్న తెలుక్ ఇంటాన్ మార్కెట్లో చేపలు బేరమాడుతూ ఉంటే ఫోను మోగింది. సైబర్‌జయలో కంప్యూటరు ఉద్యోగం చేసే మా అప్ప మనవరాలు. మా ఇళ్ళల్లో అక్కని అప్ప అంటాం. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి సరిగ్గా రాదు, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర "లా" ఒకటి తగిలిస్తుంది. "తాతా, తాత నో మోర్ లా" అని ఏడ్చింది. "ఏ తాతే?" అని అడిగినాను వెర్రివాడిలా. ఆసుపత్రిలో పడి ఉన్న తాత ఒక్కడే కదా మాకు. చేపలు అక్కడే ఒగ్గేసి పోయినాను.

నిద్రలోనే పోయినాడని నర్సమ్మ చెప్పింది. ముందురోజు సాయంత్రం వార్డు టీవీలో ఏదో ఫుట్‌బాల్ మ్యాచ్ వస్తే, పక్క మంచం ముసలాయనకి ఆ జట్టులో ఎవడు ఎలాంటివాడో చెప్పి చెప్పి అలిసిపోయి పడుకున్నాడట. ఆ ముసలాయన చైనావాడు. మా బావకి ఆ భాష రాదు, ఆయనకి మా భాష రాదు. అయినా నేను వెళ్ళేసరికి ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఒక్క సాయంత్రం పరిచయానికి ఏడుపా అని నాకు అక్కడే కాస్త కడుపు మండింది.

స్మృతి రాయమని మన మలేసియా తెలుగు సంఘం వాళ్ళు అడిగితే సరే అన్నాను. కానీ ముందే చెప్పేస్తున్నాను, మా బావంటే నాకు జీవితమంతా కుళ్ళు. పోయినవాళ్ళ మీద కుళ్ళుకోకూడదంటారు. ఏం చెయ్యమంటారు, పోయినాక కూడా వీధి వీధంతా మా ఇంటికి వచ్చి నా ఎదురుగానే కూర్చుని అతని గొప్పలు చెప్పుకుంటూ ఉంటే ఎలా ఊరుకోను? నా తెలుగు కూడా ఎస్టేటు తెలుగే. దిద్దుకుని చదవండి.

మాది కొబ్బరి ఎస్టేటు. తెలుక్ ఇంటాన్‌ని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవారు. అక్కడికి దిగువన, సముద్రం వైపు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ తోటలోనే కాయలు దించి, ఒలిచి, ఎండబెట్టి, అక్కడే కాలిపోయినారు. కమ్యూనిస్టులు అడవిలో చేరి ఇంగ్లీషు దొరల మీద తిరగబడి, ఎమర్జెన్సీ వచ్చినాక మా కూలి ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళ కంచె వేసేసినారు. అడవిలో ఉన్నవాళ్ళకి మేం బియ్యం అందిస్తామని అనుమానం. చీకటి పడకముందే గేటు మూసేవారు. బయటికి పోవాలంటే పాసు కావాలి. పక్క ఎస్టేటులో మేనత్త పోతే మా నాన్నకి పాసు దొరికేసరికి ఆవిడ బూడిదైపోయింది.

అలాంటి రోజుల్లో రోజూ గేటు దాటి పోయి రాగలిగిన వాడు మా బావ ఒక్కడు. ఎండుకొబ్బరి లారీ మీద కెలిందాను, అంటే డ్రైవరు పక్కన కూర్చునే సహాయం మనిషి. లారీ మా తోట నుంచి రెండు మూడు ఎస్టేటుల మీదుగా, మిలిటరీ క్యాంపు పక్క నుంచి, తెలుక్ ఆన్సన్ రేవు దాకా పోయేది. దార్లో ఎక్కడ ఎవరు బంతి తన్నుతున్నా మా బావ చూసేసేవాడు.

మాకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. పోలీసువాళ్ళు ఆదివారం పూట మ్యాచ్‌కి మాత్రం పాసులిచ్చేవారు. ఆ ఒక్క పూట కోసం వారమంతా బతికేవాళ్ళం. కానీ ఎదటి జట్టు ఎలా ఆడుతుందో ముందు తెలిసేదెలా? కంచె లోపల ఉన్నవాళ్ళం కదా. అందుకని సాయంత్రం లారీ రాగానే తోట తోటంతా కొబ్బరి షెడ్డు ముందు చేరిపోయేది.

మా బావ ఊరికే చెప్పేస్తాడా? ముందు స్నానం. తర్వాత పాలు లేని కాఫీ. మేం దోమలు కొట్టుకుంటూ కూర్చుంటే, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులా నెమ్మదిగా వచ్చి, షెడ్డు పక్కనున్న కాయల గుట్టలోంచి ఒక్కొక్క కాయా ఏరేవాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి నీళ్ళ చప్పుడు వినేవాడు. ఎదటి జట్టులో ఒక్కొక్కడికి ఒక్కో కాయ. నేల మీద వాళ్ళు నిల్చునే చోట పెట్టేవాడు.

"ఈడు ముదురు కాయ. పైన పీచెండిపోయి ముసిలోడిలాగ ఉంటాడు గానీ, లోపల నీళ్ళు సూడండి ఎలగ గలగలమంటన్నాయో. ఈడితో పెట్టుకోకండి. ఈడు లేత బొండం. సూడ్డానికి నిగనిగలాడతాడు. ఒక్క దెబ్బ తగిల్తే పగిలిపోతాడు. ఈడు గుల్ల. ఒట్టి డిప్ప. ఈడేపు నుంచి ఎల్లిపోండి."

జనం నోళ్ళు తెరుచుకుని వినేవారు. ఆదివారం చూస్తే అలాగే జరిగేది. ముదురు కాయన్నవాడు మమ్మల్ని ఏడిపించేవాడు, గుల్లన్నవాడి పక్క నుంచి మేం దూరేవాళ్ళం. మా బావ మాత్రం బంతి ముట్టేవాడు కాదు. ఒకసారి సరదాకి తన్నమంటే బంతి కన్నా ముందు చెప్పు పోయింది.

నేను మా జట్టుకి గోల్ కీపర్ని. అదీ నా బాధ. ఎదటి జట్టు కీపరు వంతు వచ్చేసరికి మా బావకి గుట్టలో కాయ ఒక పట్టాన దొరికేది కాదు. ఇది తీసేవాడు, ఊపేవాడు, పారేసేవాడు. "ఈ కీపరుకి తగిన కాయ మన తోటలో నేదు లా. ఆడి చేతులా అయ్యి? బంతే ఎల్లి ఆడి చేతుల్లో పడుకుంటంది. పిల్లి పిల్లలాగ." నాలుగడుగుల దూరంలో నేను కూర్చుని ఉండగా ఈ మాటలు! మా జట్టు కీపర్ని, అతని పెళ్ళానికి స్వయానా తమ్ముడిని. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అలాగ.

ఒకసారి అందరి ముందూ అడిగేసినాను. "బావా, మరి నాకు ఏ కాయ పెడతావు?"

తలెత్తలేదు. "మన కాయలు గుట్టలోనే ఉండనీరా. ముందు ఎదటోడ్ని సూడనీ" అన్నాడు. అందరూ నవ్వినారు. మా ఇంటావిడ కూడా నవ్వింది. అప్పటికింకా మా ఇంటావిడ కాదు, ఎస్టేటు గుమస్తా, అదే మా కిరాణీ గారి తమ్ముడి కూతురు. నన్ను చూడ్డానికే షెడ్డు దగ్గరికి వస్తోందని అనుకునేవాణ్ణి. పెళ్ళయినాక అడిగితే, "నిన్నా? మీ బావ చెప్తంటే ఇనడానికి వచ్చీదాన్ని" అంది.

మా అమ్మ మరీను. నేను గాల్లోకి ఎగిరి, మోచేతులు చెక్కుకుపోయేలా బంతి పట్టుకుని ఇంటికొస్తే, "బాగానే పట్టినావు గానీ, మీ బావ సెప్పినట్టే వచ్చింది కదరా బంతి!" అనేది. చేపల పులుసు పెడితే తలకాయ ముక్క అల్లుడికి. కన్నకొడుకుకి తోక. పులుసులో తోక ముక్క చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆ కోపం వస్తుంది.

ఆ మనిషి నోటి నుంచి నాకు కావాల్సింది ఒక్క మాట. కీపరుగా నేనెలాంటివాణ్ణో అతను చెప్పాలి. దొర మెచ్చుకున్నాడు, నాకు లెక్కలేదు. పక్క ఎస్టేటు వాళ్ళు మెచ్చుకున్నారు, సంతోషించలేదు. మనుషుల్ని తూకం వెయ్యడం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు మా తోటలో, వాడు నా వైపు చూడడు.

మెర్డేకా, అంటే స్వతంత్రం, వస్తోందని తెలిసిన ఏడు, జిల్లాలో ఒక పందెం పెట్టినారు. అన్ని జట్లూ ఆడి, చివరికి మిగిలిన రెండూ స్వతంత్రం పండక్కి టౌను పాడంగ్ మీద ఆడాలి. పాడంగ్ అంటే ఊరి మధ్యలో పెద్ద పచ్చిక మైదానం. దాని పక్క నుంచి మేం తల వంచుకుని, పాసు చేత్తో పట్టుకుని నడిచినవాళ్ళమే. ఇప్పుడు దాని మీద మన మనుషులు ఆడితే చూడాలని తోటలో ముసలివాళ్ళు కూడా కలలు కన్నారు. ఒక్కొక్క జట్టునే గెల్చుకుంటూ వచ్చినాం. ఆఖర్న మాకూ పాడంగ్‌కీ మధ్య ఒక్క జట్టే మిగిలింది. అది మిలిటరీ క్యాంపు జట్టు, ఐరిష్ సిపాయిలు. వాళ్ళని ఇంగ్లీషువాళ్ళంటే కోపమొచ్చేది. మీరు ఇండియా నుంచి వచ్చినట్టే మేం ఐర్లండు నుంచి వచ్చినాం, మమ్మల్ని వాళ్ళతో కలపకండి అనేవారట.

లారీ క్యాంపు దగ్గరికి రాగానే ఆపి, బస్తాల్లో ఇనప చువ్వలు గుచ్చి వెతికేవారు, ఎక్కడైనా బియ్యం దాచినామేమోనని. వాళ్ళు గుచ్చుతూ ఉంటే మా బావ చేతులు కట్టుకుని పక్క మైదానం వైపు చూసేవాడు. అక్కడ కొందరు పచ్చ చొక్కాలు వేసుకుని బంతి తన్నుతూ ఉండేవారు. రోజూ వాళ్ళే. వారం తిరిగేసరికి మా బావకి వాళ్ళు నడకలతో సహా వచ్చేసినారు.

షెడ్డు ముందు కాయలు పెట్టినాడు. అన్నీ పెద్ద పెద్ద కాయలే. "మనుషులు కారు, మినపప్పు బస్తాలు. పొట్టలున్నాయి. తన్నితే బంతి ఆకాశంలోకి పోతది, మళ్ళీ దిగే లోపల బీడీ కాల్చుకోవచ్చు. పరిగెత్తరు. ఒగడు బంతి తన్నినాక మోకాళ్ళు పట్టుకుని నవ్వుతాడు, అందరూ వచ్చి ఆడి ఈపు మీద సరుస్తారు. బలం ఉంది, బేగి నేదు. మన పొడుగోళ్ళని ఎనక నిలబెట్టండి, తల్తో కొట్టీడానికి."

ఆ మాట మీదే జట్టు కట్టినాం. పొడుగువాళ్ళని, బరువైనవాళ్ళని ఏరి నా ముందు నిలబెట్టినారు. చురుకైన కుర్ర గుంటలిద్దరిని తీసేసినారు.

ఇక్కడ ఒక సంగతి మీకు చెప్పాలి. మా ఎస్టేటులో జెర్సీ అంటే దేవుడి బట్ట. కిరాణీ గారి ఆఫీసు బీరువాలో ఉండేవి. మ్యాచ్ రోజు పొద్దున్న అమ్మవారి గుడి దగ్గర పెట్టి, కళ్ళకద్దుకుని, ఆడేవాడికి మాత్రమే ఇచ్చేవారు. ఆట అవగానే ఉతికి తిరిగి బీరువాలో పెట్టాలి. ఆడనివాడు జెర్సీ తొడగడమనేది మా ఊహకి కూడా అందదు. ఒకడు జెర్సీ వేసుకుని కల్లు దుకాణానికి పోయినాడని వాణ్ణి మళ్ళీ జట్టులోకి రానివ్వలేదు. అందుకని పచ్చ చొక్కా వేసుకున్నవాడు ఆటగాడు కాకపోవచ్చని మా బావకే కాదు, మాలో ఎవడికీ తట్టలేదు.

మ్యాచ్ మా మైదానంలోనే. రెండు మిలిటరీ లారీలు వచ్చినాయి. మొదటి దాంట్లోంచి మా బావ చెప్పిన బస్తాలు దిగినారు, వెలిసిపోయిన పచ్చ చొక్కాల్లో. దిగి, గట్టిగా పాట పాడుకుంటూ వచ్చి, మైదానం పక్క నీడ చూసుకుని, సీసాలు తీసుకుని చతికిలబడినారు. ఆడేవాళ్ళు కూర్చుంటారేటి అని మేం చూస్తున్నాం. ఇంతలో రెండో లారీలోంచి కొత్త పచ్చ చొక్కాలతో బక్కపల్చని కుర్రాళ్ళు దబదబా దూకినారు. దూకిన చోటి నుంచే పరుగు. పొట్టివాళ్ళు. ఇసకలో ఎండ్రకాయల్లా అటూ ఇటూ ఉరుకుతున్నారు.

మా బావ మొహం చూడాలి అప్పుడు. "ఓర్నాయనో! ఈళ్ళు మ్యాచ్ సూసేవోళ్ళురా! ఆడేవోళ్ళ చొక్కాలు ఈళ్ళెందుకేసుకున్నారు?"

సిపాయిలు ఆడుకుని పాతబడిన జెర్సీలు పారెయ్యరట. జట్టు మీద ప్రేమకొద్దీ చూసేవాళ్ళు తొడుక్కుంటారట. రోజూ సరదాకి బంతి తన్నినవాళ్ళు ఈ అభిమానులే. అసలు జట్టు తెల్లవారకముందే ఆడేసుకుని డ్యూటీకి పోయేదట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి నా ముందు మాత్రం పొడుగువాళ్ళు తాడిచెట్లలా నిల్చుని ఉన్నారు, వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి ఎండ్రకాయలు దూరి వచ్చేస్తున్నాయి.

మొదటి సగం ఎలా గడిచిందో నాకూ నా ఒంటికీ తెలుసు. బంతి ఆ గోలు వైపు పోతే ఒట్టు. వాళ్ళు కొట్టడం, నేను పడడం. లేచేలోగా మళ్ళీ కొట్టడం. ఒకసారి గుప్పిటతో, ఒకసారి మోకాలితో, ఒకసారి ముక్కుతో ఆపినాను. మా అమ్మ "నా కొడుకుని సంపేస్తన్నారో" అని కేకలు. అయినా ఒక్క గోలూ పడనివ్వలేదు. ఇది నేను చెప్పుకోవాల్సి వస్తోంది, చూడండి, ఎందుకంటే ఇంకెవరూ చెప్పలేదు.

సగం ఆటకి విజిల్ వేసినారు. నేను గోలు ముందే వెల్లకిలా పడిపోయినాను. మా బావ గబగబా వస్తున్నాడు. నా దగ్గరికే అనుకున్నాను. ఇప్పుడైనా అంటాడు, "ఒరే, ఏం పట్టినావురా" అంటాడు అని కళ్ళు మూసుకుని సిద్ధంగా ఉన్నాను. మనిషి నన్ను దాటుకుని పోయి, మా ఫార్వర్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆళ్ళ ఎర్రజుట్టోడున్నాడు సూడు, గోలు కాసీ కీపరు. ఆళ్ళోళ్ళు మన మీదికి వచ్చినప్పుడల్లా ఆడు సగం దాకా నడిచొచ్చి, నడుం మీద సేతులేసుకుని నిలబడతాడు. ఎనక్కి తిరగడం ఆడికి బద్దకం. ఎనక ఎవుడూ నేడు. బంతి ఆడి నెత్తి మీంచి ఎయ్యమను, నువ్వు పరిగెట్టు."

బంతి వెయ్యాల్సింది నేను. ఆ మాట కూడా నాతో చెప్పలేదు, ఫార్వర్డు వచ్చి చెప్పినాడు. రెండో సగంలో ఒక బంతి పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తన్నినాను. ఎర్రజుట్టువాడు అలాగే నడుం మీద చేతులేసుకుని నిల్చున్నాడు. బంతి వాడి నెత్తి మీంచి పోయింది, మా కుర్రాడు దాని వెనక పోయినాడు. గోల్. ఆ ఒక్క గోలుతోనే గెలిచినాం.

జనం మైదానంలోకి దూకినారు. గోలు కొట్టినవాణ్ణి ఒక్క క్షణం ఎత్తి దించేసి, మా బావని భుజాల మీదికెక్కించుకున్నారు. "మొదట తప్పు చెప్పినా, ఎలా దిద్దుకున్నాడు లా! కన్ను కాదురా అది!" తప్పు చేసినా దండ అతనికే. నేను చేతులు వాచిపోయి, మా ఇంటి అరుగు మీద ఉప్పునీళ్ళ గిన్నెలో ముంచుకుని కూర్చున్నాను. ఆ గిన్నె పెట్టి మా అమ్మ కూడా వాళ్ళని చూడ్డానికి పరిగెత్తింది.

అరుగు మీంచి కొబ్బరి షెడ్డు కనబడుతూనే ఉంది. ఓడిపోయిన ఐరిష్ బస్తాలు ఏడవాల్సింది పోయి, మా బావ చుట్టూ చేరినారు. తమని ఆటగాళ్ళనుకున్నాడని కిరాణీ గారు ఇంగ్లీషులో చెప్పేసరికి పొట్టలు పట్టుకుని దొర్లినారు. ఒకడైతే మా బావని కౌగిలించుకుని ముద్దు పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినాక తనని ఆటగాడనుకున్న మొదటి మనిషివి నువ్వేనన్నాడట. నాకు ఏ కాయ పెట్టినావు, నాకు ఏది అని వరసకట్టి అడుగుతున్నారు. మా బావ ఒక్కొక్కడికీ గుట్టలోంచి ఏరి, ఊపి, చేతిలో పెడుతున్నాడు. దారే పోయే సిపాయికి కూడా కాయ దొరికింది, చూసినారా!

వాళ్ళ దేశం చాలా చిన్నదట. వరల్డ్ కప్పులోకి పోవాలంటే ముందు పెద్ద దేశాలతో మ్యాచ్‌లు ఆడి గెలవాలి. ఆ మ్యాచ్‌లకి నెల ముందు నుంచే వీళ్ళు కల్లు దుకాణాల్లాంటి చోట చేరి, ఎదటి జట్టులో ఎవడెలాంటివాడో తూకం వేస్తూ కూర్చుంటారట. వాడు గుర్రం, వీడు గోడ, వాణ్ణి దాటి పోవడం మనవల్ల కాదు అని పొగిడి పొగిడి, హడలిపోయి, ఆ హడలుతోనే పాటలు పాడుకుంటూ మ్యాచ్‌కి పోతారట. ఇక్కడ అడవిలో ఉన్నా రేడియోలో ఆ కబురు కోసమే చెవులు కోసుకుంటారట. మా బావ మొహం వెలిగిపోయింది. "నా సుట్టాలు దొరికినార్రా! ఇన్నాళ్ళకి నా మాట అర్థమయ్యీ మనుషులు!" అని అరిచినాడు. అప్పుడు నాకు వచ్చిన కోపానికి గిన్నె తన్నేసినాను. సుట్టాలట! అసలు చుట్టం ఇక్కడ చేతులు నానబెట్టుకుంటున్నాడు.

పాడంగ్ మీద ఆడినాం. సమానంగా నిలిచి కప్పు పంచుకున్నాం. ఆ రోజు పాసు అడిగినవాడు లేడు. మా నాన్న పచ్చిక మీద చెప్పులు విప్పి నడిచినాడు, ఈ చివర నుంచి ఆ చివరికి. మా బావ మాత్రం ఎప్పటిలాగే ఎదటి జట్టు పక్కన ఎక్కడో తిరుగుతున్నాడు.

తర్వాత ఎస్టేటు ముక్కలై అమ్ముడుపోయింది, మేం టౌనుకి వచ్చేసినాం. ఒకే వరసలో ఇళ్ళు, మాది ఒకటి, వాళ్ళది ఒకటి. టీవీ వచ్చినాక మా బావ శబ్దం తీసేసి మ్యాచ్‌లు చూసేవాడు. ఆ కామెంటరీ చెప్పేవాళ్ళు ఎదటి జట్టుని సరిగ్గా చూడరని కోపం. కొబ్బరికాయలు పోయి, భోజనాల బల్ల మీద నిమ్మకాయలు వచ్చినాయి. మలేసియా ఎవరితో ఆడినా ముందురోజు సాయంత్రం మా పిల్లలంతా అక్కడే. మా ఇంట్లో టీవీ పెద్దది. అయినా అక్కడే.

కుళ్ళే గానీ, అబద్ధం చెప్పను. ఆ నిమ్మకాయలు నన్ను రెండుసార్లు నిలబెట్టినాయి. మా అమ్మాయికి సంబంధం వచ్చినప్పుడు వాళ్ళింటికి ఏదో వంకన వెళ్ళి చూసొచ్చి, "తండ్రి గుల్ల, తల్లి ముదురు కాయ. ఆవిడతో మాట్టాడు, ఆయనతో మాటలు దండగ" అన్నాడు. అలాగే చేసినాను, పిల్ల సుఖంగా ఉంది. మా ఇంటావిడకి రొమ్ములో గడ్డ అన్నప్పుడు నేను బుర్ర పట్టుకుని కూలబడితే, డాక్టరు చెప్పినదంతా నిమ్మకాయలు పెట్టి నాకు మళ్ళీ చెప్పినాడు. "భయపడొద్దని నాను సెప్పను. ముందు సూడు. పూర్తిగా సూసినాక భయపడు. సూడకుండా పడ్డ భయం ఒట్టి దండగ." మా ఇంటావిడ ఇప్పటికీ బతికే ఉంది, నన్ను తిడుతూనే ఉంది. ఆ మాట నేను ఎంతమందికి చెప్పినానో లెక్కలేదు. నా మాటగానే చెప్పుకుంటాను, అది వేరే సంగతి.

ఆసుపత్రిలో చేరినాక రోజూ సాయంత్రం నేనే అన్నం తినిపించేవాణ్ణి. అతనికి తొంభై దాటినాయి, నాకూ ఎంతో దూరం లేదు. ఇద్దరి చేతులూ వణుకుతూ ఉంటే అన్నం సగం దుప్పటి మీదే. ఒకరోజు టీవీలో ఏ దేశపు కుర్రాడో కీపరు, గాల్లో బంతి పట్టుకున్నాడు. "అబ్బ! ఏటి సేతులురా ఆడియ్యి!" అన్నాడు మా బావ, నోట్లో ముద్ద పెట్టుకునే.

నాకు ఉన్నట్టుండి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఈ వయసులో, టీవీలో మనవడి ఈడు కుర్రాడి మీద! ఇంక దాచుకోలేక అడిగేసినాను.

"బావా, ఒక్కసారైనా సెప్పు. నాను ఎలాటి కీపర్ని? నాకైతే ఏ కాయ పెట్టీవోడివి?"

నా వైపు తిరిగి చూసినాడు. ఏం అడుగుతున్నానో అర్థం కానట్టు.

"నాకేటి తెలుసురా? నిన్ను నానెప్పుడు సూసినాను?" అన్నాడు.

గిన్నె బల్ల మీద పెట్టేసి కిందికి పోయి, కాంటీన్లో టీ తాగినాను. చక్కెర వెయ్యొద్దన్నా వేయించుకుని తాగినాను. ఒక జీవితమంతా పక్కపక్క ఇళ్ళల్లో ఉండి, వాడి పెళ్ళానికి తమ్ముణ్ణై ఉండి, నన్నెప్పుడు చూసినాడట! మళ్ళీ పైకి వచ్చి మిగిలిన అన్నం పెట్టినాను. అతను ఏమీ జరగనట్టే తిన్నాడు. తర్వాత వారంలోనే పోయినాడు.

కర్మ రోజున పటం పెట్టాలి కదా. సైబర్‌జయ మనవరాలు ఇంట్లో ఉన్న పాత ఫొటోలన్నీ ఫోనులోకి ఎక్కించి, ఏది బాగుంటుందో చెప్పమని నా పక్కన కూర్చుంది. ఒక్కొక్కటే వేలితో జరుపుతోంది. పెళ్ళి ఫొటో, లారీ ముందు ఫొటో. తర్వాత ఒకటి నలుపు తెలుపులో, అంచులు చెదలు తిన్నది. నేనెన్నడూ చూడనిది. మా ఎస్టేటు మైదానం. ఆ రోజు సిపాయిల్లో ఎవరో తీసి తర్వాత ఇచ్చి ఉంటారు. మా అప్పని అడిగితే, "ఆ ముక్క ట్రంకు పెట్టెలో ఉండీది, ఎవుల్నీ ముట్టనిచ్చీవోడు కాదు" అంది.

ఫొటోలో ఒక మూల గోలు కర్ర, దాని పక్కన గాల్లో అడ్డంగా తేలుతున్న నేను. నా చేతులకీ బంతికీ ఇంకా జానెడు ఎడం. గీత పక్కన జనం వరసగా నిల్చుని ఉన్నారు. అన్ని మొహాలూ నా వైపే. కిరాణీ గారు నెత్తి మీద చేతులు పెట్టుకున్నారు. మా నాన్న నోరు తెరిచి ఉన్నాడు. మా అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టేసుకుంది. ఐరిష్ బస్తాలు సీసాలు పైకెత్తి లేచిపోయినారు, గోలు పడిపోయిందనే.

"దీంట్లో తాత ఎక్కడ? ఐ కాన్ట్ ఫైండ్ లా," అంది పిల్ల.

వెతికినాను. అన్ని మొహాల మధ్యలో మొహం లేని మనిషి ఒకడు. నాకు పూర్తిగా వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకుని, ఖాళీగా ఉన్న అవతలి గోలు వైపు తీరిగ్గా చూస్తున్నాడు. బస్సు కోసం నిల్చున్నవాడు అలా నిల్చుంటాడు. చూపించినాను.

"వై? అందరూ ఇటు చూస్తన్నారు. తాత ఎందుకు అటు?"

"ఇటేపు నానున్నాను కదమ్మా" అన్నాను.

 పిల్ల రెండు వేళ్ళతో ఆ వీపుని పెద్దది చేసింది. నూనె రాసి దువ్విన తల, చొక్కా మీద చెమట మరక, వెనక ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు. అంత గోలలోనూ ఆ వేళ్ళు బిగించి లేవు. వదులుగా ఉన్నాయి.